‘ఇవాళ ఎగరను’ అనే మాటకు విలువ ఇవ్వండి

పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,
విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో అధికారులకు,

నమస్కారం.

మాది ప్రకాశం జిల్లా, సింగరాయకొండ దగ్గర ఒక పల్లె. కరెంటు శాఖలో హెల్పర్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. మా అమ్మాయి వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం శిక్షణ తీసుకుంటోంది. కిందటి వేసవిలో సోలో సార్టీ, అంటే ఒంటరిగా ఎగిరే ఒక విడత, ముగించి దిగుతుండగా ఆమె నడుపుతున్న సెస్నా 152 అనే చిన్న విమానం రన్‌వే మీద రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడింది. ముక్కు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది, విమానం పక్కకు ఈడ్చుకుపోయి గడ్డిలో ఆగింది. అమ్మాయికి మణికట్టు విరిగింది, నుదుటి మీద కుట్లు పడ్డాయి. ప్రాణానికి ఏమీ కాలేదు. పేపర్లోనూ రాలేదు, టీవీలోనూ రాలేదు. రానందుకు మాకు సంతోషమే.

స్కూలు పేరు ఇక్కడ రాయను. దాని మీద ఫిర్యాదు విడిగా పంపాను, మీ ఆఫీసులో ఏదో ఒక ఫైల్లో ఉండే ఉంటుంది. ఇక్కడ రాసేది అన్ని స్కూళ్లకూ సంబంధించిన విషయం. పిల్లల్ని పైలట్ చదువుకు పంపిన వాళ్లు, పంపాలనుకునే వాళ్లు కూడా చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

ప్రమాదానికి కారణాన్ని స్కూలు వాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు. ట్రైనీ హ్యాండ్లింగ్ సరిగా లేదట. ఆ మాటతో నాకు గొడవ లేదు, అమ్మాయి కూడా కాదనలేదు. దిగేటప్పుడు నేలకు కొద్ది అడుగుల ఎత్తులో ముక్కు కాస్త పైకెత్తి, వేగం చావనిచ్చి, వెనక చక్రాలు ముందు ఆనేలా దించాలి. దాన్ని ఫ్లేర్ అంటారు. అది ఎక్కువైతే విమానం మళ్లీ పైకి తేలుతుంది. తేలినప్పుడు కంగారుపడి ముక్కు కిందికి నొక్కితే ముక్కు చక్రం ముందు తగిలి బండి ఇంకా ఎత్తుకు లేస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా పడుతుంది. మొదటిసారి లేచినప్పుడే ఫుల్ పవర్ ఇచ్చి పైకి వెళ్లిపోయి, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ దిగాలి. గో అరౌండ్ అంటే ఇదే. సోలోకి పంపే ముందే ప్రతి ట్రైనీకీ నేర్పుతారు. మా అమ్మాయికీ నేర్పారు, అంతకు ముందు చేసింది కూడా. ఆ రోజు చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదని స్కూల్లో ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో పక్కన కూర్చుని నేను అడిగాను.

అప్పటికి నెలకు పైగా ఆమెకు ఫ్లయింగ్ లేదట. ఒక విమానం ఇంజిన్ విడిభాగం కోసం హ్యాంగర్లో పడుంది, ఇంకోటి ఇన్‌స్పెక్షన్‌లో ఉంది, ఇన్‌స్ట్రక్టర్లలో ఒకాయన వేరే చోటికి వెళ్లిపోయారు. మర్నాటి లిస్టులో పేరుందని తెలిసేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. తెల్లారకముందే రిపోర్టు చెయ్యాలి. తీరా తన వంతు వచ్చేసరికి ఎండ ముదిరింది, గాలి అడ్డం తిరిగింది. సెస్నా 152 తయారుచేసిన వాళ్లు దిగి చూపించిన అడ్డగాలి 12 నాట్లు, అంటే గంటకు 22 కిలోమీటర్లు. ఆ రోజు గాలి దానికి లోపలే ఉంది గానీ నిలకడగా లేదు, ఉండుండి విసురుతోంది. చాలా రోజుల తర్వాత ఎగరడం కదా, ముందు ఒక చుట్టు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుంటే బాగుండుననుకుంది. దాన్ని డ్యూయల్ అంటారు.

“అడిగావామ్మా?” అన్నాను.

“అడిగాను నాన్నా. డ్యూయల్‌కి ఎవరూ ఖాళీ లేరు, వెళ్తావా, పేరు కొట్టేయనా అన్నారు. కొట్టేస్తే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు.”

మరి గో అరౌండ్? “గో అరౌండ్‌లు ఎక్కువైతే సోలో ఆపేస్తారు. మళ్లీ డ్యూయల్ గంటలు చెయ్యాలి, వాటికి వేరే డబ్బు కట్టాలి. దించేద్దాంలే అనుకున్నా.”

రన్‌వే మీద ఆ రెండు సెకన్లలో ఇరవై ఏళ్లు దాటిన పిల్ల మనసులో అడ్డగాలితో పాటు డబ్బు లెక్క కూడా తిరుగుతోంది. హ్యాండ్లింగ్ తప్పింది నిజమే. దాని వెనకున్న ఈ భాగం ఏ ఫారంలో ఏ గడిలో రాస్తారు?

నా ఉద్యోగంలో ఎల్‌సీ అని ఒకటుంది, లైన్ క్లియర్. 11 కేవీ లైను మీద పని పడితే సబ్‌స్టేషన్ ఆపరేటర్‌తో ఆ ఫీడర్ ఆపించి, నా పేరు, టైము రిజిస్టర్లో ఎక్కించాలి. లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరవాలి. డిశ్చార్జి రాడ్డు వేసి లైనును ఎర్త్ చెయ్యాలి. అప్పుడు గానీ స్తంభం ఎక్కకూడదు. పని అయ్యాక ఎల్‌సీ రిటర్న్ చెయ్యాల్సింది కూడా నేనే. నేను చెయ్యనంతవరకు ఏఈ చెప్పినా, డీఈ చెప్పినా ఆపరేటర్ ఆ లైను ఛార్జి చెయ్యకూడదు. ఈ పద్ధతి బలం రిజిస్టర్లో లేదు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా “నేను ఎక్కను” అని లైన్‌మన్ అనొచ్చు, దాని బలమంతా అక్కడుంది. అంటే ఏఈకి కోపం వస్తుంది. ఊళ్లో వాళ్లు తిడతారు. రొయ్యల చెరువుల దగ్గరైతే ఇంకా కష్టం. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ చాలక రొయ్య తేలిపోతుంది, చెరువు రైతు కాలర్ పట్టుకున్నంత పని చేస్తాడు. ఆయన బాధ ఆయనది. అయినా మేం ఆగేవాళ్లం. ఎందుకంటే ఆగినందుకు జీతం ఆగదు, సర్వీసు పోదు, మర్నాడు డ్యూటీ ఉంటుంది.

ఆగలేని వాళ్లు కూడా ఉంటారు. లైన్‌మన్ వెంట తిరిగే ప్రైవేటు కుర్రాళ్లు. ఉద్యోగం కాదు, పిలిస్తే కూలి, లేకపోతే లేదు. నేను చూసిన చావుల్లో ఎక్కువ వాళ్లవే. పని రాక కాదు, మాలో చాలామంది కంటే చురుగ్గా ఎక్కేవాళ్లు. వద్దంటే రేపు పిలవరన్న భయం. ఆ భయంతో ఎల్‌సీ వచ్చిందా లేదా అని గట్టిగా అడక్కుండానే ఎక్కేవాళ్లు. పై ఇంట్లో ఇన్వర్టరో, పక్క మిల్లులో జనరేటరో వెనక నుంచి కరెంటు తోసేది. కాగితాల్లో మాత్రం స్వయంకృత నిర్లక్ష్యం అని రాసేవాళ్లు.

అమ్మాయి మాటలు వింటుంటే నాకు ఆ కుర్రాళ్లే కళ్ల ముందు మెదిలారు. నలభై లక్షల పైచిలుకు కట్టిన పిల్ల, పూట కూలికి స్తంభమెక్కే కుర్రాడు ఒకే పరిస్థితిలో ఉండటం ఏమిటి? దుకాణంలో డబ్బు కట్టిన వాడిది పైచేయి అవుతుంది. ఇక్కడ కట్టిన వాళ్లే నోరెత్తలేరు.

కారణం డబ్బు కట్టే పద్ధతి. లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా, ఎగరాలి, క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటికి దూర ప్రయాణం ఉండాలి, రాత్రి ఫ్లయింగ్ ఉండాలి. ఆ 200 గంటల డబ్బులో సింహభాగం స్కూలు మొదట్లోనే తీసేసుకుంటే, తర్వాత ప్రతి గంటా ట్రైనీ స్కూల్ని బతిమాలుకుని రాబట్టుకోవాల్సిన బాకీ అవుతుంది. మధ్యలో వేరే స్కూలుకు పోదామంటే కట్టింది తిరిగి రాదు, లేదా కోర్టుకెక్కాలి. బ్యాంకు లోను మీద వడ్డీ నడుస్తూ ఉంటుంది. హాస్టల్ ఖర్చు, మెస్ ఖర్చు నెల నెలా పడతాయి. మా సంగతి చెప్పాలంటే నా రిటైర్మెంట్ డబ్బు, మా ఆవిడ పుట్టింటి వాళ్లిచ్చిన పొలం అందులోకి వెళ్లాయి. మా బ్యాచ్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒంగోలు గ్రానైట్ వ్యాపారి ఉన్నాడు, పొదలకూరు నిమ్మతోట రైతు ఉన్నాడు, కావలిలో కిరాణా కొట్టు ఆయన ఉన్నాడు. అందరి ఫోన్లలోనూ పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ఎన్ని గంటలయ్యాయి? ఇంత బరువు నెత్తిన పెట్టుకున్న పిల్ల, వారాల తర్వాత చేతికొచ్చిన సార్టీని ‘ఇవాళ వద్దు’ అని ఎలా వదులుకుంటుంది?

వింత ఏమిటంటే వదులుకొమ్మని మీరే నేర్పుతారు. ఎగిరే ముందు పైలట్ తనను తాను పరీక్షించుకోవడానికి ‘ఐ యామ్ సేఫ్’ అని ఒక లెక్క ఉంది. జబ్బు, మందులు, టెన్షన్, మద్యం, అలసట, తిండి. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్కటి. వీటిలో ఏది తేడాగా ఉన్నా ఎగరొద్దని పాఠం. అమ్మాయి పుస్తకాల మధ్య ఆ చీటీ నేను చూశాను. ఈ ఆరింటిలో బయటివాళ్లు మెషీన్ పెట్టి తనిఖీ చేసేది ఒక్క మద్యాన్నే. గొట్టంలో ఊదిస్తారు, మంచిదే. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, ఆఖరిసారి ఎప్పుడు ఎగిరావు, మనసు బాగుందా అని అడిగే మెషీన్ లేదు కాబట్టి అవి పిల్లల మనస్సాక్షికి వదిలేశారు. ఆ మనస్సాక్షి మెడ మీద బ్యాంకు లోను కూర్చుని ఉంది.

మా ఎల్‌సీ రిజిస్టర్ లాంటిదే మీ స్కూళ్లలోనూ ఉంది. ప్రతి సార్టీకీ ఇన్‌స్ట్రక్టర్ ఆథరైజేషన్ పుస్తకంలో సంతకం పెట్టాలి. కానీ మా ఆపరేటర్‌కి లైను ఎప్పుడు ఛార్జి అయినా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. మీ ఇన్‌స్ట్రక్టర్‌కి జీతమిచ్చేది గంటలు గడపాల్సిన స్కూలే. పైగా అతని వెనక కూడా లిస్టు ఉంటుంది, అతనూ పొద్దున్నుంచీ ఎండలో ఉంటాడు. ఇన్‌స్ట్రక్టర్లను నేను తప్పు పట్టడం లేదు. వాళ్లలో చాలామంది ఎయిర్‌లైన్స్‌లో సీటు వచ్చేదాకా ఇక్కడ గంటలు కూడబెట్టుకుంటున్న కుర్రాళ్లేనని విన్నాను.

విమానాలు పాతవి కావడం వల్ల ప్రమాదాలంటారు కొందరు. సెస్నా 152 తయారీ 1985లోనే ఆగిపోయింది, అంటే ఇప్పుడు ఎగిరే ప్రతి 152కీ నలభై ఏళ్లు నిండుతున్నట్టే. అయినా ఆ వాదన నాకు పెద్దగా ఎక్కదు. 110 హార్స్‌పవర్ ఇంజిను, రెండు సీట్లు, పూర్తి బరువు 757 కిలోలు. సరిగా చూసుకుంటే అంత సాదా బండి ఇంకొకటి ఉండదని విమానాల మెకానిక్కులే చెప్పారు. మా సబ్‌స్టేషన్లలో అంతకంటే పాత ట్రాన్స్‌ఫార్మర్లు ఇంకా పనిచేస్తున్నాయి. ఎన్ని బండ్లు ఎగిరే స్థితిలో ఉన్నాయో అంతమందినే చేర్చుకోవడం లేదు, అసలు చిక్కు అది.

ఇక దర్యాప్తు సంగతి.

మన తెలుగు నేల మీదే చూడండి. 2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లాలో శిక్షణ విమానం కూలి ఇద్దరు ట్రైనీలు పోయారు. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ నుంచి లేచిన సెస్నా నల్గొండ జిల్లా పెద్దవూర మండలం పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న తమిళనాడు అమ్మాయి చనిపోయింది. బయట చూస్తే 2023 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని రీవాలో గుడి శిఖరానికీ కరెంటు తీగలకూ తగిలి ఒకరు పోయారు. ఆ మార్చిలో అదే రాష్ట్రంలోని బాలాఘాట్ కొండల్లో ఇన్‌స్ట్రక్టర్, ట్రైనీ ఇద్దరూ పోయారు. అక్టోబరులో మహారాష్ట్రలోని బారామతి దగ్గర నాలుగు రోజుల్లో రెండు విమానాలు పడ్డాయి. 2025 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని అమ్రేలిలో ఇళ్ల మధ్య పడి ట్రైనీ చనిపోయాడు. ప్రతిసారీ ఒక రోజు టీవీ, రెండు రోజులు పేపరు. ఆ తర్వాత తల్లిదండ్రులకు తప్ప ఎవరికీ గుర్తుండదు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది చనిపోయినప్పుడు నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక జనం చేతికి ఇచ్చారు. దేశమంతా చదివింది, మా ఊరి టీకొట్టు దగ్గర కూడా ఇంధన స్విచ్‌ల గురించి వాదించుకున్నారు. అంత పెద్ద ఘోరానికి అంత శ్రద్ధ సబబే. రెండు సీట్ల విమానం పడినప్పుడు అందులో సగం శ్రద్ధ అడుగుతున్నాను. ప్రమాద దర్యాప్తు ఉద్దేశం ఇంకో ప్రమాదం జరక్కుండా చూడటమే, తప్పు ఎవరి మీద వేయాలో తేల్చడం కాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం చెబుతోంది. తుది నివేదిక వీలైతే 12 నెలల్లో రావాలనీ అందులోనే ఉంది. శిక్షణ ప్రమాదాల నివేదికలు చదువుతుంటే గాలి ఎంత, ఎత్తు ఎంత, ఇంజిన్ తిరుగుతోందా లేదా అన్నీ ఉంటాయి. ఆ ట్రైనీ అంతకు ముందు ఎన్నాళ్లు ఖాళీగా కూర్చుంది, ఆ నెలలో స్కూల్లో ఎన్ని విమానాలు ఎగిరాయి, ఎంతమంది ట్రైనీలు ఎదురుచూస్తున్నారు, ఫీజు ఎంత ముందుగా కట్టించుకున్నారు అన్నవి కూడా ప్రతి నివేదికలో తప్పకుండా ఉండాల్సిన ప్రశ్నలు కావాలి. అహ్మదాబాద్‌లో స్విచ్ ఎంత ముఖ్యమో ఇక్కడ లిస్టులో పేరు కొట్టేస్తాననే మాట అంత ముఖ్యం.

మా అమ్మాయిది ప్రాణం పోని ప్రమాదం. ఇలాంటివే ఎక్కువ జరుగుతాయి, వీటి గురించే తక్కువ తెలుస్తుంది. మాకు చేతికిచ్చింది ఒక స్టేట్‌మెంట్ కాగితం. అందులో వాతావరణం సాధారణం, విమానం సాధారణం, ఆరోగ్యం సాధారణం అని ముందే టైపు చేసి ఉంది. కట్టు కట్టింది కుడిచేతికి కాదు గనక సంతకం పెట్టగలదని కాబోలు, ఆ కాగితం ఆసుపత్రికే పంపారు. పెట్టొద్దన్నాను. పెట్టలేదు.

ర్యాంకుల గురించి కూడా చెప్పాలి. 2025లో మీరు ఫ్లయింగ్ స్కూళ్లకు శ్రేణులు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటి జాబితాలో 35 స్కూళ్లుంటే ‘ఏ’ శ్రేణి ఒక్కదానికీ రాలేదు. 13 స్కూళ్లకు ‘బి’, 22 స్కూళ్లకు ‘సి’ వచ్చాయి. దాచకుండా బయటపెట్టినందుకు ధన్యవాదాలు, నిజంగానే చెబుతున్నాను. ఇన్నాళ్లూ మేం బ్రోచర్లో బొమ్మ చూసి, కన్సల్టెంట్ మాట విని చేర్పించాం. కానీ ‘సి’ అని చూసిన తండ్రి ఏం చెయ్యాలి? డబ్బు అప్పటికే కట్టేశాడు. పిల్ల సగం గంటలు చేసింది. ఫీజు స్కూలు ఖాతాలో ఇరుక్కున్నంతవరకు మీ ర్యాంకు కొత్తగా చేరేవాళ్లకు ఉపయోగపడుతుంది గానీ లోపలున్న వాళ్లకు టెన్షన్ పెంచడం తప్ప ఏమీ చెయ్యదు.

చుట్టాల్లో కొందరు ‘ఆడపిల్లకు విమానాలెందుకయ్యా’ అని పరామర్శకు వచ్చి మరీ అన్నారు. మణికట్టు విరిగింది మోటార్‌సైకిల్ మీద పడి అయితే ఆ మాట అనేవాళ్లు కాదు. వాళ్లకు జవాబు మా ఆవిడే చెప్పింది, ఇక్కడ రాయదగ్గ భాషలో కాదు.

ఇంకో విషయం. ఇది నాకు బాగా తెలిసిన పని కాబట్టి రాస్తున్నాను, రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు కూడా చదివితే మేలు. మా పక్కన విమానాల ముచ్చట కొత్త కాదు. కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వే వేసి, 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలతో ట్రయల్ చేస్తే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వెళ్లాయి. నెల్లూరు వైపు దగదర్తిలో విమానాశ్రయానికి 2019లో శంకుస్థాపన జరిగింది. పడమర దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ అలాగే పడుంది, దాన్ని మళ్లీ తెరవాలనే మాట ఎన్నికల చుట్టూ వినిపిస్తుంటుంది. రేపు ఈ మూలన ఎక్కడైనా శిక్షణ మొదలైతే మాకు సంతోషమే, పిల్లలు భాష తెలియని ఊళ్లకు పోనక్కర్లేదు. కానీ రన్‌వే కొలతలతో పాటు తీగలు కూడా లెక్కబెట్టండి.

తీర ప్రాంతంలో చెరువు చెరువుకూ 11 కేవీ లైను ఉంది. స్తంభాలు 8 మీటర్లవి, 9.1 మీటర్లవి. మీద వీజిల్, రాబిట్ అని జంతువుల పేర్లున్న కండక్టర్లు లాగుతాం, చిటికెన వేలంత మందం కూడా ఉండవు. ఏళ్లు గడిచేకొద్దీ అల్యూమినియం మెరుపు పోయి నేల రంగులో కలిసిపోతాయి. కింద నిలబడి తలెత్తితే ఆకాశం మీద తీగ కనిపిస్తుంది. పై నుంచి చూసేవాడికి పొలం మీద ఏమీ కనిపించదు. తీగ కోసం వెతకొద్దు, స్తంభాల వరస చూసి తీగ ఉందనుకో అని అమ్మాయికి నేను చెబితే, మా ఇన్‌స్ట్రక్టర్ కూడా అదే చెప్పారు నాన్నా అంది. ఇంజిన్ ఆగి పొలంలో దించాల్సి వచ్చినప్పుడు ఆ వరస చూసే తీరిక ఎంత ఉంటుందో మీకే బాగా తెలుసు. రన్‌వే రెండు కొసలకూ ఎదురుగా ఉన్న లైన్లు భూమిలోకి దించొచ్చు. ఎత్తు లైన్లకు రంగు బంతులు వెయ్యొచ్చు. శిక్షణ మొదలయ్యాక కాదు, టెండరు పిలిచేటప్పుడే కరెంటు శాఖను కూర్చోబెడితే అయ్యే పని. ఖర్చు కూడా ఒక కొత్త ట్రైనర్ విమానం ధర ముందు పెద్దదేమీ కాదు.

వెతికే ఏర్పాటు కూడా ముందే చూడాలి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలితే, రాష్ట్రం మొత్తం వెతికినా ఎక్కడుందో మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. 2024 ఆగస్టులో జంషెడ్‌పూర్ నుంచి లేచిన సెస్నా 152 కనిపించకుండా పోతే చాండిల్ డ్యామ్ నీళ్లలో రోజుల తరబడి గాలించి, నేవీ వాళ్లు వచ్చి తీశారు. దొనకొండ నుంచి పడమరకు పోతే నల్లమల, నెల్లూరు నుంచి లోపలికి పోతే సోమశిల, కండలేరు. క్రాస్ కంట్రీకి వెళ్లే ప్రతి విమానం ఎక్కడుందో ఎప్పటికప్పుడు చూపించే ట్రాకర్ లేనిదే చక్రం కదలకూడదు. ఈ రోజుల్లో ఇసుక లారీలకు కూడా జీపీఎస్ పెడుతున్నారు.

మళ్లీ అసలు విషయానికి వస్తాను. 1934 నాటి విమాన చట్టం పోయి, భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి నిబంధన లేదని, అధికారం లేదని అనడానికి లేదు. ఫీజు స్కూలు ఖాతాలోకి కాకుండా విడి ఖాతాలోకి వెళ్లాలి. ఎగిరిన గంటకు మాత్రమే, లాగ్‌బుక్‌లో సంతకం పడ్డాకే అందులోంచి స్కూలుకు డబ్బు పోవాలి. సలహాగా చెబితే చాలదు, అనుమతికి షరతుగా పెట్టండి. డబ్బు గంటతో పాటు కదిలితే విమానం హ్యాంగర్లో పడుండటం స్కూలుకే నష్టమవుతుంది. అప్పుడు విడిభాగం ఎందుకు రాలేదో వాళ్లే పరిగెత్తుతారు. పిల్ల కూడా ‘ఇక్కడ బాగాలేదు, పోతాను’ అనగలుగుతుంది. అలా అనగలిగిన పిల్లే ‘ఇవాళ గాలి బాగాలేదు, ఎగరను’ అని కూడా అంటుంది.

ఆథరైజేషన్ పుస్తకంలో ట్రైనీ వద్దన్న సార్టీకి ఒక గడి పెట్టండి. కారణం రాయమని అడగొద్దు. ఆ రోజు వద్దన్నంత మాత్రాన లిస్టులో వరస పోకూడదు. తర్వాత ఎగిరే రోజున మొదటి పిలుపు ఆమెదే కావాలి. దీన్ని వాడుకుని బద్ధకిస్తారని స్కూళ్లు అంటాయి. అప్పు చేసి వచ్చిన పిల్ల ఏ కారణం లేకుండా సార్టీ వదులుకుంటుందని ఎవరైనా నమ్ముతారా? సంవత్సరమంతా ఒక్క ‘వద్దు’ కూడా లేని పుస్తకం కనబడితే మీ ఇన్‌స్పెక్టర్ ముందు ఆ స్కూలుకే వెళ్లాలి. ఎల్‌సీ రిజిస్టర్ మరీ శుభ్రంగా ఉన్న సబ్‌స్టేషన్‌ని మేం అలాగే అనుమానించేవాళ్లం.

ఎన్ని రోజులు గ్యాప్ వస్తే డ్యూయల్ చెక్ లేకుండా సోలో పంపకూడదో దేశమంతటికీ ఒకే లెక్క పెట్టి, ఆ చెక్ గంట ఖర్చు స్కూలు మీద వెయ్యండి. గ్యాప్ స్కూలు వల్ల వచ్చింది కదా. గో అరౌండ్ చేసినందుకు అదనంగా డబ్బు అడగడం నేరం కింద చూడండి, ఇందులో మెత్తదనం వద్దు. స్వచ్ఛందంగా లోపాలు రాసి పంపే పద్ధతి మీకు ఉంది గానీ ట్రైనీలు రాయరు, తిరిగి తిరిగి స్కూలుకే తెలిసిపోతుందని భయం. పేరు లేకుండా నేరుగా మీకు చేరే దారి, ఫోన్లోనే, తెలుగులోనో హిందీలోనో మాట్లాడి చెప్పే దారి ఒకటి పెట్టండి. ఇంగ్లీషులో చక్కగా డ్రాఫ్ట్ చెయ్యడం వచ్చిన వాళ్లకు మాత్రమే కష్టాలు వస్తాయని లేదు కదా.

ఇవేవీ విమానం రెక్క మార్చేంత పెద్ద పనులు కావు. ఢిల్లీలో కూర్చుని ఒక సర్క్యులర్‌తో అయ్యేవే ఎక్కువ. స్కూళ్ల సంఘాలు అడ్డం చెబుతాయి, దేశానికి పైలట్లు కావాలి, ఆలస్యమైతే ఎలా అంటాయి. పైలట్లు కావాలన్నది నిజమే, మా ఇంట్లోనే ఒకరున్నారు.

అమ్మాయి చెయ్యి బాగుపడింది. మెడికల్ కూడా క్లియర్ అయింది. ఎగురుతానంటోంది, నేను కాదనను. ముందు డ్యూయల్ ఇవ్వండి, తర్వాతే సోలో అని ఈసారి రాతపూర్వకంగా అడిగింది. స్కూలు నుంచి ఇంకా జవాబు రాలేదు. ఆమె ఎగరాల్సిన గంటల్లో మూడో వంతు ఇంకా మిగిలే ఉన్నాయి, వాటి డబ్బు మాత్రం స్కూలు దగ్గర పూర్తిగా ఉంది. ఆ మిగులు లెక్క, ప్రమాదం రోజు ఆథరైజేషన్ పుస్తకం పేజీ నకలు, ఆ నెల విమానాల లభ్యత వివరాలు ఇప్పించమని ఇదివరకే పంపిన అర్జీ కాపీ ఈ ఉత్తరంతో పాటు మీకు పోస్టులో మళ్లీ పంపుతున్నాను. వాటికి జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక ట్రైనీ పైలట్ తండ్రి,
సింగరాయకొండ మండలం, ప్రకాశం జిల్లా